మెంతిరంగు చీర తెర

రుస్తాఖ్,
శుక్రవారం.

జ్యోతక్కకి, బావగారికి, అమ్మకి కుమారి వందనాలు.

ముందు అందరి ఆరోగ్యాలు అడగాలి కదా, అడుగుతున్నాను. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? రోజూ నూనె రాస్తున్నావా, నేను ఫోన్ చేసిన రోజే రాస్తున్నావా? బావగారి దగ్గు తగ్గిందా? నేను బాగున్నాను. దేవుడి దయవల్ల జ్వరం లేదు, జలుబు లేదు. ఒళ్ళు మాత్రం మండిపోతోంది. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఈ రోజుల్లో ఉత్తరమేంటే అంటావు. ఫోన్లో చెబితే నువ్వు వింటావా? నేను నోరు తెరిచేలోపే "సర్దుకోవే కుమారీ" అంటావు. మొన్న ఫోన్ కట్ అయింది సిగ్నల్ లేక కాదు, నేనే కట్ చేశాను. ఇక్కడ ఆసుపత్రిలో నర్సు రూతు సిస్టర్ గారని చెప్పాను కదా, భీమవరం ఆవిడ, ఆవిడ రూమ్‌లోనే మా ప్రార్థన. ఆవిడ సెలవుకి వస్తున్నారు, ఆవిడ చేతికే ఇస్తున్నాను. కాగితమైతే నువ్వు మధ్యలో అడ్డుపడలేవు. చివరిదాకా చదువు, చదివాక నీ ఇష్టమొచ్చినట్టు తిట్టుకో.

మా బాబా వాళ్ళకి పెద్ద కారవాన్ ఉండేది. బాబా అంటే మా యజమాని, ఇక్కడ అలాగే పిలవాలి. సినిమా వాళ్ళు షూటింగుల్లో కూర్చుంటారే, అలాంటి బండి. చలికాలమంతా గురువారం సాయంత్రమైతే చాలు, ఇంటిల్లిపాదీ అందులో ఎక్కి షినాస్ దగ్గర సముద్రం ఒడ్డుకి పోవడమే. శుక్రవారం, శనివారం ఇక్కడ సెలవు. బండిలో వెనకాల బాబాకీ మేడమ్‌కీ మంచం. మధ్యలో సోఫాలు, రాత్రి పరిస్తే పిల్లలకి పడక. రెండు పొయ్యిలు, బాత్రూము. డ్రైవరు సీటు పైన అటక లాంటిది ఒకటి ఉండేది. అది నాది.

నాదని ఎవరూ ఇవ్వలేదులే. ఎక్కలేక అందరూ వదిలేస్తే నాకు మిగిలింది. నిచ్చెన ఎక్కి, తెర లాక్కుని, కొక్కెం తగిలిస్తే ఇంక నన్ను ఎవరూ చూడరు. అరచేయంత కిటికీ ఉండేది, అందులోంచి సముద్రం కనిపించేది. లేచి కూర్చుంటే కప్పు తలకి తగిలేది. అయినా ఎంత సుబ్బరంగా నిద్రపట్టేదనుకున్నావ్! ఇంట్లో నాకిచ్చింది ఇస్త్రీ గది. వాషింగ్ మెషీను, బట్టల గుట్ట, ఆ మధ్యలో నా పరుపు. తలుపుకి గడియ లేదు. యూనిఫాం ఏదని ఒకళ్ళు, సాక్సు ఏదని ఒకళ్ళు, నేను ఏ అవతారంలో ఉన్నానో చూడకుండా తోసుకుని వచ్చేస్తారు. చిన్నప్పుడు మనం అరుగు మీద పడుకున్నాం. అత్తారింట్లో వంటగదిలో పడుకున్నాను. ఆయన పోయాక నీ ఇంట్లో అమ్మ మంచం పక్కన కింద. ఇంత వయసొచ్చి, తెర వేసుకుని పడుకునే చోటు నాకు దొరికింది ఆ బండిలోనే, అదీ వారానికి రెండు రాత్రులు. నవ్వకు.

ఈ ఏడు పెద్దపిల్లలిద్దరూ చదువులకి మస్కట్ పోయారు. ఇంట్లో మిగిలింది పన్నెండేళ్ళ షంసా ఒక్కతే. ముగ్గురికి ఇంత బండి ఎందుకన్నారు. ఇసకలో కూరుకుపోతోందన్నారు, సందులో పెడితే పక్కింటాయన గొడవన్నారు. వాళ్ళ బండి, వాళ్ళిష్టం. అమ్మేశారు.

తర్వాత ఘుబ్రాలో ఎవరో చిన్న వ్యాన్ అమ్ముతున్నారని చూడ్డానికి వెళ్ళాం. నన్నూ తీసుకెళ్ళారు. లోపల ఒక్క పొయ్యి, మడిచే మంచం ఒకటి. కప్పు పైకి లేస్తుంది, దాని కింద ఒక చెక్క పడక. బాబా నావైపు తిరిగి, "కుమారీ, ఎక్కి పడుకుని చూడు" అన్నాడు. చెప్పులు విప్పి ఎక్కాను. కాళ్ళు చాపమన్నాడు, చాపాను. "జేన్?" అన్నాడు, బాగుందా అని. "జేన్ బాబా, జేన్!" అన్నాను పళ్ళికిలించుకుంటూ. అమ్మేవాడూ కొనేవాళ్ళూ కింద నిలబడి తలలెత్తి నన్నే చూస్తున్నారు. నా పడక సరిపోయిందో లేదో చూసుకుని మరీ కొంటున్నారనుకున్నాను. ఆ రాత్రే నీకు ఫోన్ చేసి గొప్పలు పోయాను కదా. నువ్వు అమ్మకి చెప్పావు, అమ్మ వీధి మొత్తానికి చెప్పే ఉంటుంది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఆ పడకకి తెర లేదు. అందుకని, నేను బయల్దేరేటప్పుడు నువ్వు పెట్టిన మెంతిరంగు చీర ఉంది చూడు, దాన్ని కోశాను. అవును, కోశాను. మూరలేసి కొలుచుకుని, తాడు దూర్చడానికి పైన మడత పెట్టి, అంచు కిందికి వచ్చేలా చేత్తోనే కుట్టాను.

ఆ వ్యాన్ కొన్నాక మొదటి గురువారం షినాస్ పోయాం. నేను తెర కడుతుంటే మేడమ్ చూసి, "ఎంత బాగుందో! షంసాకి బాగా నచ్చుతుంది" అంది.

షంసాకి ఎందుకు నచ్చాలి? "మరి నేనెక్కడ?" అని అడిగాను.

"నీ ఎత్తు, షంసా ఎత్తు ఒకటే కదా. ఆ రోజు తను స్కూల్లో ఉంది, అందుకే నిన్ను పడుకోమన్నాం" అంది నవ్వుతూ.

విన్నావా అక్కా? నేను టైలరు మెడలో టేపునన్నమాట! బాబా ఏమో డిక్కీలోంచి ఒక గుండ్రటి సంచి తీశాడు. విప్పి విసిరితే గుడారం అయిపోయింది. "చూడు, నీకు కొత్తది కొన్నాం" అన్నాడు గొప్పగా. వాళ్ళకి నిజంగానే గొప్పగా ఉంది, నన్ను బాగా చూసుకుంటున్నాం అనుకుంటున్నారు. అది చూస్తే నాకు ఇంకా మండింది.

ఆ గుడారానికి జిప్పు, అది బయటినుంచి కూడా తెరుచుకుంటుంది. జాలర్ల పికప్పులు ఒడ్డు మీద వస్తూపోతూ ఉంటాయి. లైటు పడినప్పుడల్లా నా నీడ గుడ్డ మీద నాకే కనిపించింది. నాకు కనిపిస్తే బయటివాళ్ళకి కనిపించదా? జిప్పుకి పిన్నీసు గుచ్చి, దాన్ని పట్టుకుని కూర్చున్నాను, ఒక్క కునుకు తీస్తే ఒట్టు. తెల్లారాక లేచి ఆ ఒక్క పొయ్యి మీదే అందరికీ పరోటాలు చేశాను. నిద్రపట్టిందా అని ఒక్కళ్ళూ అడగలేదు. షంసా మాత్రం నా తెర వెనక గుర్రుపెట్టి నిద్రపోయింది.

ఇది చెప్పుకుందామనే నీకు ఫోన్ చేశాను. నువ్వేమన్నావ్? "గుడారమైతేనేం, కొత్తదే కదా, సర్దుకో" అన్నావ్. అచ్చం బాబా అన్న మాటే! నీకు తలుపుంది, గడియ ఉంది, పక్కన బావగారున్నారు. అక్కడ కూర్చుని సర్దుకోమనడం ఎంత సుళువో కదా.

బుధవారం మేడమ్ సామాన్లు సర్దమంది. నేను రానన్నాను. అనేశాక భయమేసింది, నీ దగ్గర దాచడమెందుకు. టికెట్టు చేతిలో పెట్టి పంపేస్తే అక్కడ మీ పరిస్థితేంటో నాకు తెలియదా? అయినా అన్నాను. మేడమ్ మొహం గంటు పెట్టుకుంది. బాబా గుడారం తెచ్చి ఇంటి ముందే వేసి, "ఏం లోటు దీనికి? చెప్పు" అన్నాడు.

నాకొచ్చిన అరబీలో సగం హిందీ కలిపి చెప్పాను. "ఘుబ్రాలో మీరు పడుకోమంటే నేను పడుకుని చూశాను. ఇప్పుడు మేడమ్‌ని పడుకుని చూడమనండి."

బాబా పగలబడి నవ్వాడు. మేడమ్ పంతానికి లోపలికి దూరి జిప్పు లాక్కుంది. అంతలో బాబా, ఊరికే సరదాకి, బయటినుంచి గుడ్డ మీద రెండు చేతులతో చరిచి జిప్పు సర్రున లాగాడు. మేడమ్ పెట్టిన కేకకి పక్కింటాయన గోడ మీదుగా తొంగి చూశాడు! తలగుడ్డ సర్దుకుంటూ బయటికొచ్చింది, మొహంలో నెత్తురు చుక్క లేదు. బాబాతో ఏదో గట్టిగా అంది. నాకు అర్థం కాలేదు గాని బాబాకి బాగానే అర్థమైంది. నావైపు చూడకుండా లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే బాబా గడియ కొనుక్కొచ్చి ఇస్త్రీ గది తలుపుకి లోపలివైపు తనే బిగించాడు. మేడమ్ వచ్చి, "ఇకనుంచి గురువారాలు నువ్వు ఇంట్లోనే ఉండు" అంది. నన్ను పంపెయ్యలేదు, అందుకు సంతోషమే. నిన్న రాత్రి ఆ గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకున్నాను. కానీ ఆ గదికి కిటికీ లేదక్కా. సముద్రం పోయింది. మస్కట్ పోయిన పిల్లల గదులు రెండూ ఖాళీగానే ఉన్నాయి, మంచాలతో సహా, వాటిని రోజూ తుడిచేది నేనే. అటక దిగి ఇస్త్రీ గదిలోకి వచ్చినందుకు నేను థాంక్సు చెప్పాలా? చెప్పను. కోపం తగ్గలేదు, ఎందుకు తగ్గాలి?

నిన్న వాళ్ళు బయల్దేరేముందు వ్యాన్ ఎక్కి తెర విప్పేశాను. షంసా "అది నాది" అంది. "కాదమ్మా, ఇది మా అక్క చీర" అన్నాను. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. పాపం అనిపించింది గాని ఇవ్వలేదు. ఇందాక అదే పిల్ల చేత మేడమ్ ఫోన్ చేయించింది, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావని. ఇంట్లోనే ఉందని చెప్పాను, సామాన్లు సర్దింది నేను కాదు కదా.

ఇంకేం లేదు. ఇక్కడ ఎండలు మొదలవుతున్నాయి. తిండికి లోటు లేదు, బెంగపడకండి. నేను బాగున్నాను. అమ్మకి గుడారం సంగతి చెప్పకు, గడియ సంగతి చెప్పు. రూతు సిస్టర్ గారు తిరిగొచ్చేటప్పుడు జేబున్న కాటన్ నైటీలు రెండు, కాస్త చింతకాయ పచ్చడి పంపించు. పెద్దవాళ్ళందరికీ నా వందనాలు, పిల్లలకి ముద్దులు. అమ్మని నాకోసం ప్రార్థన చెయ్యమను, నా కోపం తగ్గాలని మాత్రం చెయ్యొద్దను.

తెర ఈ ఉత్తరంతో పాటు సంచిలో పెట్టాను. అమ్మ మంచం పక్కన నేను పడుకునే మూల ఉంది కదా, అక్కడ ఈ గోడకీ ఆ గోడకీ తాడు కట్టించి వేలాడదియ్యి. సెలవుకి వచ్చి దాని వెనకే పడుకుంటాను. ఈలోగా అక్కడ బియ్యం బస్తాలు పెట్టకు, చుట్టాలొస్తే చాపెయ్యకు. చోటు సరిపోతుందో లేదో చూడ్డానికని కూడా ఎవర్నీ పడుకోబెట్టకు. సరిపోతుంది. నా కొలతెంతో ఘుబ్రాలో నేను పడుకుని చూశాను.

నీ చెల్లి,
కుమారి