చేతులెత్తి తెచ్చుకున్న రోడ్డు

పోర్తు అలెగ్రె,
సోమవారం.

జుల్మీరక్కా,

రేపటి బడ్జెట్ సభకి నేను రాను, నా పేరు కొట్టేయి. నగరం డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో మన కొండవాళ్లమే తేల్చుకోవచ్చు, కింది పెద్దిళ్లకీ మనకీ తేడా తగ్గుతుంది అంటూ నిరుడు నువ్వే లాక్కెళ్లావు. రోడ్డు కోసం ఓటేస్తూ నేను రెండు చేతులూ ఎత్తితే, "ఒకటి చాలే పిచ్చిదానా!" అని నవ్వావు.

రోడ్డొచ్చింది. మర్నాడే మా ఇంటి ఓనరు వాల్దోమీరో అద్దె రెండింతలు చేశాడు. "అడిగి తెచ్చుకుంది మీరేగా? ఇచ్చుకోలేకపోతే అదే రోడ్డు మీద దిగిపోండి" అన్నాడు.

ఈసారి సభలో ఎవరైనా రోడ్డు అడిగితే, ముందు అద్దెల సంగతి తేల్చమను.

ఇన్నేళ్లూ గ్యాసు సిలిండరు భుజాన మోసుకుంటూ ఈ కొండెక్కాను. మా గుమ్మం దాకా వచ్చిన మొట్టమొదటి వ్యాను ఇప్పుడు నా సామాను ఎక్కించుకుంటోంది. రోడ్డు చాలా బాగుందంటున్నాడు డ్రైవరు.