ఆఖరి పళ్ళెం లడ్డూలు

విజయవాడ,
13 మే 1974

ప్రియమైన తెరేసకి,

మొన్న సాయంత్రం మీ హనుమాన్ జంక్షన్ ఆస్పత్రిలో కొల్లేటి వైపు వాళ్ళని లారీలోంచి దించారట, అందరికీ వాంతులు, విరేచనాలట. వాళ్ళలో కొత్తగా గుండు చేయించిన చిన్నపిల్ల ఉండాలి. ఆ పిల్ల ఎలా ఉంది? మిగతాదంతా తర్వాత చదువు, ముందు ఇది నాకు రాయి.

వాళ్ళు మా గుడికే వచ్చారే. పిల్ల పుట్టువెంట్రుకల మొక్కు తీర్చుకున్నారు. చీకటిపడేలోగా ఊరు చేరాలని తొందరపడుతుంటే, ప్రసాదం అయిపోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మిగిలిన బూందీతో ఆఖరి పళ్ళెం నేనే చుట్టి ఇచ్చాను. మా ఆయన పోయాక దయతలచి ఆ వంటశాలలో నాకిచ్చిన పని అదే కదా. ఆ పిల్ల చెయ్యి చాపి, "చిన్నది కాదు, పెద్దది" అంది. ఏరి పెద్దదే పెట్టాను. అప్పట్నుంచి ఆ చెయ్యే కళ్ళకి కడుతోంది.

ఇవాళ గుడి ఆఫీసరుగారు పిలిపించారు. ఆ రోజు లడ్డూ తిన్న మిగతా జనానికి ఏమీ కాలేదట, కాబట్టి చెడ్డది ఆ పళ్ళెమేనట. నన్ను వంటశాల గడప తొక్కవద్దన్నారు. ఆ పళ్ళేనికి నెయ్యి కొత్త డబ్బాలోంచి తీశారు. మూత తియ్యగానే ఏదో వాసన అనిపించి పెద్ద వంటాయన వెంకటకృష్ణారావుగారితో అన్నాను కూడా. "నీకు జలుబు చేసిందమ్మా, నెయ్యి బానే ఉంది" అన్నారు. ఇప్పుడా వాసన నిజంగా వచ్చిందో, నా భయంలోంచి పుట్టిందో నాకే తెలియడం లేదు.

చల్లపల్లి బడిలో నాతో ఒకే బల్ల మీద కూర్చున్నదానివి, ఇవాళ ఆ ఆస్పత్రిలోనే నర్సువై ఉన్నావు. అదొక్కటే నా ధైర్యం. వెంటనే రాయి.

నీ,
సంపూర్ణ

హనుమాన్ జంక్షన్,
15 మే 1974

ప్రియమైన సంపూర్ణా,

పిల్ల బతికే ఉంది. పేరు అంకాలు. కళ్ళు లోపలికి పోయాయి, పెదాలు ఎండిపోయాయి. సెలైను ఎక్కిస్తున్నాం. పిలిస్తే పలుకుతోంది. గండం గడిచిందని మాత్రం డాక్టరుగారు ఇంకా అనడం లేదు, నేనూ అనను.

పిల్లకంటే వాళ్ళ నాయనమ్మ వీరమ్మకే ఎక్కువగా ఉంది. ఆమె దగ్గర నిన్న ఒక సంగతి బయటపడింది. తడిసిన చీర మారుద్దామంటే కొంగుముడి విప్పనివ్వదు. "ఏముందమ్మా అందులో?" అంటే, "ఇంటికాడున్న మా మనవడి ప్రసాదం. ఆడు తినందే నేనెట్టా తింటాను?" అంది. విప్పి చూపించింది, లడ్డూ. చిటికెడు కూడా విరగలేదు. మరి లడ్డూ తినని మనిషికి ఈ జబ్బు ఎలా వచ్చిందే?

మిగతావాళ్ళని కూడా అడిగి రూఢి చేసుకుని రాస్తాను. నువ్వు మాత్రం అంతవరకు ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. అన్నం తిను. నీ సంగతి నాకు తెలుసు, భయం వేస్తే తిండి మానేస్తావు.

నీ,
తెరేస

విజయవాడ,
21 మే 1974

ప్రియమైన తెరేసా,

రూఢి చేసుకుని రాస్తానన్నావు. రోజూ పోస్టుమాన్‌కి ఎదురెళుతున్నాను. నన్ను చూసి పాపం అతనే తల దించుకుంటున్నాడు.

నీ ఉత్తరం ఆఫీసరుగారికి చూపించాను. "జ్వరంలో ముసలామె అన్న మాట, నీ స్నేహితురాలు రాసిన ఉత్తరం, వీటిని పట్టుకుని నేను పైవాళ్ళకి ఏం చెప్పను?" అన్నారు. కోపంగా కాదు, ఆయనా భయపడుతున్నారు. అశుభ్రంగా చుట్టానని ఒప్పుకుని శుక్రవారం సంతకం పెడితే కేసు లేకుండా ఇంటికి పంపేస్తారట. లేకపోతే పోలీసులకి అప్పగిస్తారట. కుళాయి దగ్గర నేను బిందె పెడితే పక్కావిడ తన బిందె జరుపుకుంటోంది.

నిన్న ఒక లారీ క్లీనరు గుడి దగ్గర చెబుతుంటే విన్నాను, మీ ఆస్పత్రిలో ఎవరో పోయారట. ఎవరని అడిగితే తెలియదన్నాడు. తెరేసా, పిల్లేనా? అందుకేనా రాయడం మానేశావు? నాకు అబద్ధం చెప్పలేకా? పిల్లే అయితే శుక్రవారం దాకా ఆగను, ఆ సంతకం రేపే పెట్టేస్తాను. నా చేతులు కడిగి కడిగి చర్మం ఊడుతోంది. ఏదైనా సరే, రాయి.

నీ,
సంపూర్ణ

హనుమాన్ జంక్షన్,
23 మే 1974

ప్రియమైన సంపూర్ణా,

పోయింది పిల్ల కాదు, వీరమ్మ. అంకాలు నిన్న లేచి కూర్చుని గంజి తాగింది. నీ ఉత్తరం నిన్ననే అందింది. నువ్వు ఇంకా సంతకం పెట్టి ఉండకూడదని ప్రార్థన చేస్తూ రాస్తున్నాను.

నీకు రాసిన మర్నాడే నిజం తెలిసింది. లారీ డ్రైవరు రెండు లడ్డూలు తిన్నాడు, గుండ్రాయిలా ఉన్నాడు. పొద్దున మీ గుడికి వెళ్ళేటప్పుడు అందరూ ఇక్కడ ఆగి మజ్జిగ తాగారట, అతనొక్కడే టీ తాగాడట. ఏ కొట్టు అని అంకాలు తల్లిని అడిగాను. "మరియమ్మ తల్లి పటం ఉందండి, ఆ కొట్టు" అంది.

అది మా అన్నయ్య జక్కయ్య కొట్టు.

వెళ్ళి అడిగాను. ఎండాకాలం కాలవలు కట్టేశారు, బావి అడుగంటింది. ఆ రోజు గేదెలు దిగే చెరువు నీళ్ళు తెచ్చి మజ్జిగలో పోశాడట. "ఇంటి మీదికి పోలీసుల్ని తెస్తావా? నోరు మూసుకో" అన్నాడు. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నీకు నిజం రాస్తే అన్నయ్యని పట్టించినట్టు, రాయకపోతే నిన్ను చంపినట్టు. కలం పట్టుకునేదాన్ని, పెట్టేసేదాన్ని. ఈలోగా వీరమ్మ పోయింది.

మొన్న అన్నయ్యని చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి లాక్కొచ్చాను. అంకాలు మంచం పక్కన కూర్చోబెట్టి విసనకర్ర చేతికిచ్చాను. పిల్ల కళ్ళు తెరిచి, "మావయ్యా, మా నాయనమ్మని ఏ మంచానికి మార్చారు?" అని అడిగింది. అతను విసరడం మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా విసురుతూనే ఉన్నాడు. నిన్న పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి డాక్టరుగారి ముందు నిలబడి చెబుతున్నాడు. అంతా చెప్పాడు. డాక్టరుగారు రాసిచ్చిన కాగితం ఈ ఉత్తరంతోనే ఉంది. కొట్టు మూసేశారు. కేసు అవుతుంది.

"గుడి ఆఫీసరుగారి ముందు కూడా నేనే చెబుతాను, నీ స్నేహితురాలి ముందూ చెబుతాను" అన్నాడు. అందుకే దీన్ని పోస్టులో వెయ్యడం లేదు. అతని చేతికే ఇచ్చి బస్సు ఎక్కిస్తాను కాని, మధ్యలో దిగిపోతాడేమోనని భయంగానే ఉంది.

ఇది నీ చేతికి అందిందంటే, ఇచ్చినవాడు జక్కయ్యే. నీ గుమ్మంలో నిలబడి ఉంటాడు. నిన్ను ఇన్నాళ్ళు ఏడిపించినవాడు, తిట్టాలనిపిస్తే తిట్టు, నేను వద్దనను. లోపలికి పిలిచి తిట్టవే.

నీ,
తెరేస