మూడు సిలిండర్ల కారుకు నాలుగు హద్దులు

పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో కాపురముంటున్న సత్యరాజు గారి భార్యను, లీలాకుమారిని, వయసు యాభై నాలుగు, గృహిణిని. ఈ వీలునామా నా సొంత చేతిరాతతో రాస్తున్నాను. నా మతి స్థిరంగా ఉంది. వచ్చే నెల మెడ దగ్గర థైరాయిడ్ గడ్డకు ఆపరేషన్ ఉన్న మాట నిజమే గానీ ఆ భయంతో రాయడం లేదు. డాక్టరమ్మ భయం లేదంది, నేను నమ్మాను. ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేదు. ఒత్తిడి చేయబోయిన ఇద్దరి పేర్లు వారి వారి అంశాల్లో వస్తాయి. దీనికి ముందు నేను ఏ వీలునామా రాయలేదు.

1. మా అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉండే విశ్రాంత న్యాయవాది రామ్మోహనరావు గారిని ఈ వీలునామాకు కార్యనిర్వాహకుడిగా నియమిస్తున్నాను. ఆయన నా చిత్తుప్రతి చూసి, "అమ్మా, మా కాలంలో గుమాస్తాలు ఇలా రాసి ఉంటే నాకు ఇంత త్వరగా కళ్ళద్దాలు వచ్చేవి కావు" అన్నారు. నేను కాదనలేదు.

2. మేము ఉంటున్న ఫ్లాటులో నా పేరున ఉన్న సగభాగం నా తదనంతరం నా భర్త సత్యరాజు గారికి సర్వహక్కులతో చెందాలి. ఆయన మాసబ్ ట్యాంక్‌లోని ఆఫీసు నుంచి రోజూ నా పక్కసీట్లో కూర్చుని ఇంటికి వచ్చిన మనిషి. డ్రైవింగ్ నేర్చుకోమంటే "ఇంట్లో ఒక డ్రైవరు చాలు" అన్నారు. ముందు బండి ఆగినప్పుడల్లా ఆయన కుడికాలు లేని బ్రేకును నొక్కుతుంది. అక్కడి మ్యాటు బొటనవేలి మేర అరిగి చిల్లుపడింది. నేను ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఇప్పుడు రాతపూర్వకంగా చెబుతున్నాను, ఆ కాలు అక్కడ ఉందన్న ధైర్యంతోనే నేను పంజాగుట్ట చౌరస్తాలో ఎప్పుడూ తొణకలేదు.

3. నా పేరున రిజిస్టరైన చిన్న పెట్రోల్ కారును నా తదనంతరం నా కోడలు లోయిస్‌కు రాస్తున్నాను. నా కొడుకు నేతన్‌కు కాదు. వాడు దాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి పెద్ద బండి తీసుకుందామని రెండేళ్ళుగా అంటున్నాడు. "మమ్మీ, అది కారు కాదు, నీ మొండితనం" అంటాడు. అలాగే అనుకోనీ. పదిహేనేళ్ళు నిండాక ఆ మొండితనాన్ని తనిఖీకి తీసుకెళ్ళి, పొగ పరీక్షలో నెగ్గించి, రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్ళు పొడిగించుకొచ్చింది నేనే.

లోయిస్ ఫిజియోథెరపిస్టు. బేగంపేటలోని క్లినిక్కులో నిలబడి చేసే పని మానేసి, మంచం దిగలేని పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చేయాలని ఆమె కోరిక. ఇల్లిల్లూ తిరగాలంటే చేతిలో బండి ఉండాలి. పెద్ద బండి వస్తే అది నేతన్ చేతిలో ఉంటుంది, లోయిస్ క్లినిక్కులోనే ఉంటుంది. అందుకే ఈ అంశం రాస్తున్నాను.

ఇల్లు రాసిచ్చేటప్పుడు నాలుగు హద్దులు రాయడం పద్ధతి. హద్దులు లేని దస్తావేజు చెల్లదంటారు. కారు ఒకచోట నిలిచే వస్తువు కాదు కాబట్టి, నేను దాని లక్షణాలు రాసి, దానికి తరచుగా వచ్చే జబ్బులను హద్దులుగా చూపిస్తున్నాను.

ఆస్తి వివరం: ఇంజన్ తొమ్మిది వందల తొంభై ఎనిమిది సీసీ. మూడు సిలిండర్లు, ఒక్కో దానికి నాలుగు వాల్వులు. అరవై ఏడు గుర్రాల శక్తి. అంతా ఒకేసారి అడగకూడదు, అడిగితే అరుస్తుంది. వాల్వుల టైమింగ్‌కు బెల్టు లేదు, గొలుసు ఉంది. ఆయిల్ తక్కువ కానివ్వకపోతే ఆ గొలుసు ఇంజన్ ఉన్నంతకాలం ఉంటుంది. మూడు లీటర్ల ఆయిల్ పడుతుంది. పొద్దున్నే స్టార్టు చేయగానే ఇంజన్ ముందు వైపు గలగలమంటే ఆయిల్ చూడమని అర్థం.

తూర్పు హద్దు, వేడి. ఎండాకాలం అమీర్‌పేట మెట్రో కింద బండి కదలకుండా నిలిచినప్పుడు రేడియేటర్ ఫ్యాను తిరుగుతోందో లేదో చెవిపెట్టి వినాలి. ఆ ఫ్యానుకు కరెంటు అందించే రిలే పోవడం ఈ ఇంజన్లకు మామూలు. వేడి చూపించే ముల్లు సగం దాటితే ఏసీ ఆపి, వెచ్చటి గాలి పూర్తిగా పెట్టి, పక్కకు ఆపాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు. అందులో కూలెంటే పోయాలి. మన బోరునీళ్ళు పోస్తే గీజర్‌లో పట్టినట్టే లోపల తెల్లటి పొర పడుతుంది. ముల్లు పైకెక్కాక "ఇంటిదాకా పోదాం" అనుకున్నవాళ్ళే ఇంజన్ హెడ్ కింద ఉండే గాస్కెట్ కాల్చుకుంటారు. నా బండికి హెడ్ ఇంతవరకూ విప్పలేదు. ఈ వాక్యం రాస్తుంటే నాకు గర్వంగా ఉంది, దేవుడు క్షమించాలి.

దక్షిణపు హద్దు, థ్రాటిల్‌లో మసి. ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారిలో మసి పేరుకుంటే, యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే బండి ఆగిపోతుంది. పోయిన ఏడాది పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతుండగా లోయిస్ చేతిలో ఇలాగే ఆగింది. వెనక హారన్లు. ఒక ఆటో అతను, "అక్కా, జర పక్కకు పెట్టి నేర్చుకోరాదు!" అని అరిచాడు. పక్కన కూర్చున్న నేతన్ నలుగురూ చూస్తుండగా, "దిగు, నీ వల్ల కాదు" అని స్టీరింగ్ తీసుకున్నాడు. ఆ రోజు నుంచి లోయిస్ తాళాలు ముట్టుకోలేదు. వారం తిరక్కుండా అదే ఫ్లైఓవర్ ఎక్కుతుండగా నా చేతిలోనూ ఆగింది. నన్ను ఎవరూ దిగమనలేదు. థ్రాటిల్ విప్పించి చూస్తే పెనం అడుగులా ఉంది. ఆదివారం భోజనాల దగ్గర ఆ మసిగుడ్డ నేతన్ కంచం పక్కన పెట్టి, "తప్పు కారుది" అన్నాను. "మమ్మీ, అన్నం దగ్గరా!" అన్నాడే గానీ, పెళ్ళాంతో ఆ మాట అనలేదు. కనుక ఈ వీలునామాలో నేను అంటున్నాను. తప్పు లోయిస్‌ది కాదు.

పడమటి హద్దు, కాయిల్. మూడు ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే మూడు కాయిల్స్. ఒకటి చచ్చిపోతే ఇంజన్ రెండు సిలిండర్ల మీద కుంటుతుంది, స్టీరింగ్ వెనక పసుపు దీపం మిణుకుమంటుంది. అలా నడిపితే కాలని పెట్రోలు వెళ్ళి సైలెన్సర్ వైపున్న ఖరీదైన భాగాన్ని తినేస్తుంది. ఆపి, మార్చుకోవాలి.

ఉత్తరపు హద్దు, వణుకు. ఇంజన్ కూర్చునే రబ్బరు మౌంటింగ్ చితికితే స్టీరింగ్ వణుకుతుంది, అది జబ్బు. కానీ కొత్తదైనా మూడు సిలిండర్ల ఇంజన్ కాస్త వణుకుతుంది, అది దాని పుట్టుక. ఈ రెంటికీ తేడా తెలియక ఎందరో మంచి బండ్లను అమ్ముకున్నారు. కొందరు మంచి మనుషులనూ వదులుకున్నారు.

4. మా అమ్మ హార్మోనియం నేతన్‌కు. చర్చిలో పాడేటప్పుడు వెనక వరుసలో ఎవరి శ్రుతి తప్పినా పట్టేసే చెవి వాడిది. ఇంజన్ విషయంలో మాత్రం ఆ చెవి పనిచేయదు. మెట్లు మారిన రాగం వినగలవాడు మనిషి గొంతు తగ్గడం కూడా వినగలడని తల్లిగా నా నమ్మకం. వాడి మీద నాకు కోపం లేదు. అభిప్రాయం ఉంది.

5. నా మరిది మార్క్‌కు అర సీసా ఒలీవ నూనె. కారణం రాయాలి. కొత్త కారుకు ప్రార్థన చేసినరోజు, బోనెట్ మీద చుక్క రాయవలసిన నూనెను మార్క్ "లోపలి మనిషికే అభిషేకం కావాలి" అంటూ ఇంజన్ ఆయిల్ పోసే రంధ్రంలో సగం సీసా ఒంపాడు. నేను ఆ సాయంత్రమే ఆయిలంతా తీయించి, ఫిల్టరు మార్పించి, కొత్తది పోయించాను. ఇన్నేళ్ళుగా మార్క్, "ఏంటి వదినా, నా నూనె వల్లే కదా బండి ఇంకా తిరుగుతుంది, నీ తర్వాత సంఘం పనికి ఇచ్చెయ్యి" అంటున్నాడు. ప్రార్థన వల్ల నడిచిందంటే ఒప్పుకుంటాను. నూనె వల్ల మాత్రం కాదు. మిగిలిన సగం భద్రంగా ఉంది. తలకు రాసుకోవచ్చు.

6. సనత్‌నగర్‌లో షెడ్డు ఉన్న మెకానిక్ సాయిలుకు నా నాలుగు గిన్నెల స్టీలు టిఫిన్ క్యారియర్. (ఈ అంశాన్ని కొట్టివేసి పక్కన పొడి సంతకం చేశాను. కారణం ఇది.)

నేను బండి వదిలి ఇంటికొచ్చే రకం కాదు. పని అయ్యేదాకా స్టూలు వేసుకుని పక్కనే ఉంటాను. "అమ్మా, మీరు గిట్ల కూసుంటే నాకు పదో తరగతి పరీక్ష రాసినట్టే ఉంటది" అంటాడు సాయిలు. ఆ క్యారియర్‌లో మేమిద్దరం ఎన్ని మధ్యాహ్నాలు పులిహోర పంచుకున్నామో! అతన్నే సాక్షిగా పెట్టుకోవాలనుకున్నాను. అప్పుడు రామ్మోహనరావు గారు, సాక్షిగా సంతకం చేసినవారికి అదే వీలునామాలో ఏమీ రాయకూడదనీ, మా క్రైస్తవులకు ఆ రాసింది చెల్లదనీ చెప్పారు. నాకు అతని సంతకమే కావాలి. అందుకని క్యారియర్ కడిగి తుడిచి, షెడ్డుకు తీసుకెళ్ళి చేతికిచ్చి, సంగతి చెప్పాను. సాయిలు పడిపడి నవ్వాడు.

"నేను పోయినంక ఇస్త అని కాయితం మీద రాస్తిరా అమ్మా? మరి నేను దేవునికి ఏమని మొక్కాలె? గిన్నెల కోసం మీరు జల్ది పోవాల్నని మొక్కాల్నా?"

నేనూ నవ్వాను. ఇంటికొచ్చి మూడో అంశం మళ్ళీ చదివాక నవ్వు ఆగిపోయింది.

7. మూడో అంశంలో కారును లోయిస్‌కు ఇచ్చే మొదటి వాక్యాన్ని రద్దు చేస్తున్నాను. హద్దులు చెరపడం లేదు, అవి ఆమెకు పనికొస్తాయి. నేను బతికున్నంత కాలం లోయిస్ క్లినిక్కులో నిలబడి, నేను పోయాక ఇళ్ళకు వెళ్ళాలని నా చేతులతోనే రాశాను. ఆమె అలాంటి మొక్కు మొక్కే మనిషి కాదు. కోరిక పక్కన పెట్టుకుని నా ఆయుష్షు కోసమే ప్రార్థిస్తుంది. అంత మంచితనాన్ని నేను వాడుకోకూడదు.

కారును ఇప్పుడే లోయిస్ పేరుకు మార్చే బదిలీ కాగితాల మీద సంతకం పెట్టాను. నేతన్ రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. మూడోరోజు, "ఇన్సూరెన్స్ కూడా తన పేరుకి మార్చాలి మమ్మీ" అని తనే ఆ కాగితాలు తెచ్చాడు. లోయిస్ మొదట, "వద్దత్తమ్మా, మళ్ళీ మధ్యలో ఆగితే?" అంది. "ఆగితే స్టార్టు చెయ్యి. అది కారు, కాలేజీ కాదు, ఫెయిల్ చేయదు" అన్నాను. మొన్న ఆమె పేరున ఆర్.సి. కార్డు వచ్చింది. ఈ సోమవారం సనత్‌నగర్‌లో ఒక పెద్దాయన మోకాలు చూడడానికి ఒక్కతే వెళ్ళి, ఒక్కతే తిరిగొచ్చింది. వచ్చాక తాళాలు నాకివ్వబోయింది. తీసుకోలేదు.

కాబట్టి ఈ తేదీ నాటికి సదరు కారు నా ఆస్తి కాదు. నా వారసులెవరూ దాన్ని పంపకంలోకి తేరాదు, ఎక్స్ఛేంజ్ మాట ఎత్తరాదు. ఈ వీలునామా మొదలుపెట్టి నెల కావొస్తోంది, ఆపరేషన్ ఎల్లుండి. ఆసుపత్రికి నన్ను ఎవరు తీసుకెళ్ళాలన్న చర్చ ఇంట్లో జరుగుతోంది. బండి యజమానురాలిని అడగమన్నాను.

పైన రాసినదంతా చదువుకుని, సరిచూసుకుని, సనత్‌నగర్‌లోని సాయిలు షెడ్డులో ఇద్దరు సాక్షుల ఎదుట చేవ్రాలు చేశాను. ఇక్కడికి నన్నూ రామ్మోహనరావు గారినీ లోయిస్ తీసుకొచ్చింది. నేను వెనక సీట్లో కూర్చున్నాను.

తేదీ: 2025 నవంబరు 20, గురువారం
(సంతకం) లీలాకుమారి

సాక్షులు:
1. రామ్మోహనరావు, విశ్రాంత న్యాయవాది, పంజాగుట్ట
2. సాయిలు, మెకానిక్, సనత్‌నగర్