మేలమ్మ మనవడు

మే 4, సోమవారం

పొద్దుటి షిఫ్ట్ దిగి బస్సులో వస్తున్నా. షాపుల వెనక స్టాపులో మా రేష్మా. స్కూల్ యూనిఫాం మీద మగపిల్లాడి జాకెట్. పక్కనే ఆ జాకెట్ తాలూకు మనిషి — పొడుగ్గా, ఈ దేశపు మే చలికి చేతులు చంకల్లో పెట్టుకుని. ఇద్దరూ ఏం మాట్లాడుకోవట్లేదు. ఊరికే నిలబడి ఉన్నారు.

దిగలేదు నేను. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచా. ఎందుకో తెలీదు.

మే 6

అడిగా. "ఎవరూ లేరు." మళ్ళీ అడిగా. "సియోనే. జస్ట్ ఎ మేట్, అమ్మా." ఉత్త స్నేహితుడేనట. రోడ్డవతల గవర్నమెంట్ ఫ్లాట్లలో ఉంటాడట. టోంగా దీవుల వాళ్ళు. పన్నెండో క్లాసు, దీనికంటే ఒకటి ఎక్కువ. మరి జాకెట్? "చలేసింది." అంతే. తలుపేసుకుంది.

ఈ వీధికి వచ్చిన రోజే అనుకున్నా. ఇదివరకు ఇదే ఊళ్ళో గిరావీన్ వైపు ఉన్నన్నాళ్ళూ చుట్టూ మనవాళ్ళే. రేష్మా నాన్న ఫరూక్ మమ్మల్ని వదిలి పర్త్ వెళ్ళిపోయాక అక్కడ ఉండటం నా ఒక్కదాని వల్ల కాలేదు. ఇక్కడ మెట్ల మీద గాజుపెంకులు, గడ్డిలో బోర్లా పడ్డ షాపు ట్రాలీ. పదహారేళ్ళ పిల్ల. ఇక్కడ ఉండి ఇంకెవర్ని చూస్తుంది?

మే 10, ఆదివారం

ఎప్పుడూ లేంది ఈ ఆదివారం డ్యూటీ పడింది. ఏడో రూములో మేలమ్మకి కస్టర్డ్ తినిపిస్తున్నా. ఆవిడ పేరు మేలే. నా నోట్లో మేలమ్మ అయింది, ఆవిడకీ నచ్చింది. రెండుసార్లు పక్షవాతం వచ్చింది. ఇక ఇంటికి వెళ్ళేది లేదని ఆవిడకి తప్ప, ముసలివాళ్ళని చూసుకునే మా నర్సింగ్ హోంలో అందరికీ తెలుసు.

తలుపు దగ్గర ఎవరో. చూస్తే ఆ జాకెట్.

ఆదివారం ఆదివారం వచ్చే మనవడు ఇతనేనట. నన్ను చూసి ఆగిపోయాడు. "హలో ఆంటీ." అంటే నేనెవరో తెలుసు. తర్వాత నన్ను పట్టించుకోలేదు. వాళ్ళవ్వ తల దువ్వాడు. చిక్కులు పడిన చోట జుట్టు మొదట్లో వేలు అడ్డం పెట్టుకుని, నొప్పి తగలకుండా. చర్చి పాట ఏదో పాడాడు. పక్షవాతం రాని వైపు ఆవిడ పెదవి కదిలింది.

వెళ్తూ కారిడార్‌లో నన్ను ఆపాడు. ఫ్లాట్ అవ్వ పేరు మీద ఉందట. ఫ్లాట్ ఇచ్చిన హౌసింగ్ వాళ్ళకి ఆవిడ హాస్పిటల్ నుంచి వచ్చేస్తుందని చెప్పి నెట్టుకొస్తున్నాడట. అమ్మ లేదు, నాన్న ఎక్కడో. "హౌసింగ్ వాళ్ళు అడిగితే... స్కూల్ అయ్యేదాకా చాలు ఆంటీ. అక్టోబర్‌లో పరీక్షలు."

నాకెందుకు బాబూ, నేనెవరికి చెప్తాను — అన్నాను.

మే 27

బక్రీద్. బిర్యానీ వండా. సాయంత్రం చూస్తే పెద్ద డబ్బా లేదు. రేష్మా కూడా లేదు. అడగలేదు.

జూన్ 9, మంగళవారం

స్కూల్ నుంచి మెసేజ్. రేష్మా మధ్యాహ్నం నుంచి క్లాసులో లేదు. ఈ నెలలో ఇది నాలుగోసారట.

నేరుగా అవతలి ఫ్లాట్లకి వెళ్ళా. రెండో అంతస్తు. తలుపు తీసే ఉంది. ఏం చూస్తానో అనుకుంటూ లోపలికి అడుగుపెట్టా.

ఏం లేదు. అతను గుడ్లు వేయిస్తున్నాడు. ఇది నేల మీద పరుపుకి ఆనుకుని కూర్చుని అతని ఎస్సే చదివి తప్పులు దిద్దుతోంది. కిటికీకి ఆరేసిన బట్టలు. వాటిలో రేష్మా స్కూల్ సాక్సులు. రెండు ప్లేట్లు, రెండు గ్లాసులు. అవ్వ ఫోటో ముందు ప్లాస్టిక్ పూలు.

నన్ను చూసి అతను గబగబా మూడో ప్లేటు తీశాడు. "తింటారా ఆంటీ?"

తప్పుగా ఉన్నా బాగుండేది. అరిచేదాన్ని, చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చేదాన్ని. అది సంసారం లాగా ఉంది. ఫరూక్‌తో పన్నెండేళ్ళలో నేను చూడనంత నెమ్మదిగా ఉంది ఆ గది.

"పద" అన్నా. వచ్చింది.

జూన్ 11

ఫరూక్ ఫోన్. ఎవరు చేరేశారో. "నీ కూతురు ఎవరితో తిరుగుతోందో తెలుసా?" నా కూతురట. పర్త్‌లో, పియారా వాటర్స్ వైపు కొత్త ఇల్లు, కొత్త భార్య, రేష్మాకి రూము కూడా ఉందట. "పిల్లని చూసుకోలేకపోతే చెప్పు. టికెట్ తీసి పంపిస్తా. ఈ సెలవుల్లోనే."

లేదండీ, అంతా పుకారే అన్నా. "పుకారైతే నెల తిరిగేలోపు ఆగిపోవాలి" అన్నాడు. పెట్టేశాడు.

జూన్ 12

రేష్మాకి చెప్పా. మీ నాన్న తీసుకుపోతాడే, మానెయ్ అని.

"నేను వెళ్ళను. అతన్ని మానను." తర్వాత అంతా ఇంగ్లీషే. యూ డోంట్ ఈవెన్ నో హిమ్ అంది.

తెలుసు. అదే కదా బాధ. చెడ్డవాడైతే ఎంత తేలిక.

జూన్ 15

చేశాను.

జూన్ 16

రాయాలి. ఎక్కడో ఒకచోట ఉండాలి కదా.

నిన్న లంచ్ బ్రేక్‌లో లాండ్రీ వెనక కార్ పార్కింగ్. హౌసింగ్ వాళ్ళ నంబర్. మ్యూజిక్ వచ్చింది చాలాసేపు. పెట్టేద్దాం, ఇంకో నిమిషం చూసి పెట్టేద్దాం అనుకుంటూనే ఉన్నా. ఒకావిడ తీసింది, మంచి గొంతు. ఫ్లాట్ నంబర్ చెప్పా. ఆ ముసలావిడ ఇక ఇంటికి రాదు, నర్సింగ్ హోంలో పర్మనెంట్ అని చెప్పా. కుర్రాడు ఒక్కడే ఉంటున్నాడని చెప్పా. "మీ పేరు?" చెప్పను అన్నా. "నో వరీస్" అంది.

అంతే. రొట్టె సగంలో వదిలేసి లోపలికి వెళ్ళా. ఏడో రూములో మేలమ్మకి తినిపించే టైం. నోరు తుడుస్తుంటే నా మణికట్టు పట్టుకుని "గుడ్ గర్ల్" అంది.

ఇది బయటపడితే నా ఉద్యోగం పోతుంది. అక్కడ చూసిందీ విన్నదీ గేటు దాటకూడదు. చేరిన రోజే సంతకం పెట్టా.

జూన్ 24

ఫైళ్ళు పట్టుకుని ఇద్దరు. అవతలి ఫ్లాట్ల మెట్లెక్కుతూ. నా వంటింట్లోంచి బాగా కనిపిస్తుంది.

జూలై 3, శుక్రవారం

వెళ్ళిపోయాడు.

పదిహేడేళ్ళవాడు ఒక్కడే ఉండటానికి లేదన్నారట. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో మేనమామ ఉన్నాడు, అక్కడికి. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారట, టైం కూడా ఇచ్చారట. మరి పరీక్షలు? అక్కడ వేరే బోర్డు, వేరే సిలబస్. "ఏదైనా పని చూసుకుంటాలే ఆంటీ."

సామాన్లు పేవ్‌మెంట్ పక్క గడ్డిలో పెట్టేశాడు. పరుపు, కుర్చీలు, అవ్వ టీవీ. ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకుపోతారు. వాన మొదలైంది. రేష్మా ఆ పరుపు మీద కూర్చుంది, తడుస్తూ.

బయల్దేరే ముందు మా గుమ్మం దాకా వచ్చాడు. "గ్రాన్‌ని చూసుకోండి ఆంటీ. తల దువ్వేటప్పుడు ఎడమ పక్క మెల్లగా." థ్యాంక్యూ అన్నాడు. నాతో.

జూలై 5, ఆదివారం

అడిగి మరీ డ్యూటీ వేయించుకున్నా. మేలమ్మ పొద్దున్నుంచి తలుపు వైపే. మూడింటికి కాఫీ రంగు స్వెటర్ వేయమంది. ఆదివారం స్వెటర్ అది. ఐదింటికి విప్పాను.

జూలై 14

తినట్లేదు. మూడు చెంచాలు, తర్వాత పెదాలు బిగించేస్తుంది. బలవంతం చెయ్యొద్దని నర్సు. ఇంట్లో రేష్మా కూడా అంతే. రెండు చోట్లా చెంచా నా చేతిలోనే.

ఫరూక్ మెసేజ్ — "ఆగిపోయిందని విన్నా. గుడ్."

జూలై 19, ఆదివారం

ఏడో రూములో రేష్మా!

నాకు చెప్పకుండా, రెండు బస్సులు మారి వచ్చింది. మంచం మీద కూర్చుని మేలమ్మ తల దువ్వుతోంది. ఎడమ పక్క మెల్లగా. ఫోన్‌లో సియోనే. వెనకాల గోడౌన్ ఏదో, ఫోర్క్‌లిఫ్ట్ చప్పుడు. ఆ చప్పుడు మధ్యలోనే పాడాడు. మేలమ్మ ఫోన్‌ని చేత్తో తడిమింది. కస్టర్డ్ సగం తింది.

తలుపు దగ్గరే నిలబడిపోయా. లోపలికి వెళ్ళే అర్హత లేనట్టు... నేను పనిచేసే రూమే.

బస్సులో పక్కపక్కనే. రేష్మా నా భుజం మీద తల ఆనించింది. ఎన్ని నెలలైందో. "నువ్వు ఒక్కదానివే అమ్మా, అతన్ని ఏమీ అననిది" అంది.

బయట ఏం చూశానో గుర్తులేదు.

జూలై 26

ఇవాళ కూడా వచ్చింది. ఫోన్‌లో సియోనే నాతో మాట్లాడాలన్నాడు. గొంతు మారింది, పెద్దవాడి గొంతు. "గ్రాన్ తిరిగి రాదని నర్సింగ్ హోం వాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు ఆంటీ. అక్కడివాళ్ళే ఎవరో చెప్పారు. కోపం లేదు నాకు. ఎందుకు చెప్పారో తెలుసుకోవాలంతే. మీరు కనుక్కోగలరా?"

రేష్మా నన్నే చూస్తోంది.

కనుక్కుంటా బాబూ — అన్నాను.

ఆగస్టు 2

నిద్ర సరిగ్గా లేదు. వంటింట్లో నిలబడితే ఆ కిటికీ. వేరేవాళ్ళు దిగారు. చిన్నపిల్లలు.

ఆగస్టు 8, శనివారం

మేలమ్మకి ఊపిరి బాగోలేదని సియోనేని రమ్మన్నారు. రాత్రంతా బస్సులో వచ్చాడు. సన్నబడ్డాడు. చేతుల మీద అట్టపెట్టెల గీతలు. మేలమ్మ పోల్చుకోలేదు. వేరే ఎవరి పేరో పెట్టి పిలిచింది, వాళ్ళ తాతదట. అయినా పలికాడు. ఆ పేరుకే పలుకుతూ కూర్చున్నాడు సాయంత్రం దాకా.

అతనికి ఉండటానికి చోటు లేదు. మా సోఫా మీద పడుకుంటాడా అని రేష్మా అడిగింది. పడుకోమన్నా. అన్నం, పప్పుచారు, గుడ్డు వేపుడు. సిగ్గుపడుతూ మూడుసార్లు పెట్టించుకున్నాడు.

తినడం అయ్యాక — "తెలిసిందా ఆంటీ?"

ఇంకా లేదు అన్నా. ప్లేట్లు తీసుకుని సింక్ దగ్గరికి వెళ్ళిపోయా. వెనక రేష్మా ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనే పిల్ల.

ఆగస్టు 9, ఆదివారం, పొద్దున

అతను మేలమ్మ దగ్గరికి వెళ్ళాడు. రేష్మా కూడా వెళ్తుందనుకున్నా. వెళ్ళలేదు. నేను ఇది రాస్తుంటే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నిన్న నువ్వు అతని మొహం చూడలేదు. ఒక్కసారి కూడా."

రాస్తూనే ఉన్నా.

"రోజూ ఏం రాస్తావ్ అందులో?"

ఏవో, షిఫ్ట్ సంగతులు — అన్నా. దానికి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. అందుకే కదా ఈ పుస్తకం టేబుల్ మీదే పడి ఉంటుంది, దాచింది లేదు.

కుర్చీ లాక్కుంది. ఎదురుగా కూర్చుంది. నేను రాస్తున్న అక్షరాల మీదే చూపు.

"చదువు" అంది. తెలుగులోనే. "జూన్ నుంచి చదువు."

ఇంకా రాస్తూనే ఉన్నాను. పెన్ను ఆగితే చదవాలి. రేష్మా కదలట్లేదు. ఈ లైను అయిపోతోంది, ఇంకో లైను