ఎలెనా ఆంటీ పెదవులు

అయ్యగారూ,

మీరు ప్రభువు దగ్గరికి వెళ్లి నేటికి ఏడాది. ఈ ఉత్తరం మీకు చేరదని తెలిసీ రాస్తున్నాను. కెనడాలో, ఈ గ్వెల్ఫ్‌లో మన తెలుగు సంఘంలో ఇప్పుడు ఎక్కువమంది స్టూడెంట్సే.

రుమేనియాలో కమ్యూనిస్టు ప్రభుత్వం పడిపోయాక మీరు సువార్త పనికి వెళ్లారు. ఏళ్ల తరబడి చాటుగా ఆరాధించిన అక్కడి విశ్వాసులు పాటకు పెదవులు మాత్రమే కదుపుతుంటే, "ఇంకా భయమేంటి? నోరు తెరిచి పాడండి!" అని కసిరినందుకు చివరిదాకా బాధపడ్డారు. ఆ సంఘం నుంచి వచ్చిన ఎలెనా ఆంటీ ఇక్కడ మన ఆరాధనలోనూ అలాగే పెదవులు కదిపేవారు.

ఈరోజు కీబోర్డు వాయించే అమ్మాయి పనిలో షిఫ్ట్ పడి రాలేదు. వాద్యాలు లేకుండా మెల్లగా పాడుతున్నాం. ఆంటీ పక్కన నిలబడ్డ వరంగల్ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆంటీ తెలుగులనే పాడుతున్నరు, విను!"

మేమంతా ఆగిపోయాం. కళ్లు మూసుకున్న ఆవిడ గుసగుస ఆగలేదు. ఒక్క మాట తప్పలేదు.

మీరు కసిరిన రోజున కూడా వాళ్లు పాడుతూనే ఉండి ఉంటారు, అయ్యగారూ.