ఈయన తర్వాత పద్మ

జూన్ 9
హైదరాబాద్ నుంచి పొద్దున దిగాం. నాందేడ్ స్టేషన్‌లో బ్యాగు ఈయనే మోశాడు. ఇవ్వమంటే కోపం. రెండు రకాల కీమోలకు లొంగని లింఫోమా. అది మొండిది, ఈయన అంతకంటే మొండి.

అక్కడి ఆసుపత్రిలో కొత్త మందు మొదటి సూది పడింది. యాంటీబాడీ. ఒక కొసతో క్యాన్సర్ కణాన్ని, ఇంకో కొసతో మన రక్షణ కణాన్ని పట్టుకుని దగ్గరికి లాగుతుందట. మనుషులకు ఇవ్వడం ఇప్పుడిప్పుడే మొదలు. డాక్టర్ దాచలేదు — "నయమవుతుందని మాట ఇవ్వలేను. ఎంత ఇస్తే ఒళ్లు తట్టుకుంటుందో చూడటమే ఇప్పటి పని." ఈయన తట్టుకుంటే తర్వాతి మనిషికి ఇంకాస్త ఎక్కువ ఇస్తారు. ఆ తర్వాతి మనిషి కర్ఖేలి ఊరి పద్మ. వార్డులో పక్క మంచం, ఇదే జబ్బు. నాకంటే చిన్నది, అప్పుడే అక్కా అంటోంది.

జూన్ 13
మెడ కింద గడ్డ తగ్గింది. తడిమి చూశాను... మళ్లీ చూశాను. పైకి అనడానికి భయం. ఈయన తన మోటార్ వైండింగ్ దుకాణం షట్టర్ మళ్లీ ఎత్తాడు.

జూన్ 14
నేను అనకపోయినా అత్తమ్మ అనేసింది. "గడ్డ కరుగుతున్నది సూదితోని కాదు, నా కషాయంతోని."

ఇస్లాపూర్ అడవి నుంచి తెప్పించే తిప్పతీగ. కీమో రోజుల నుంచీ పొద్దున్నే ఒక గ్లాసు. ఆ గిన్నె రోజూ తోమేది నేనే. నవ్వి ఊరుకున్నాను.

జూన్ 17
ఇక్కడి ల్యాబ్‌లో రక్తం ఇచ్చాం. లివర్ అంకెలు బాగా పెరిగాయి. కళ్లు పసుపు. డాక్టర్ ఫోన్ — తర్వాతి సూది ఆపుతున్నాం, పద్మదీ ఆపుతున్నాం, తప్పు మందుదే కావచ్చు. "వేరే మందులేమీ లేవు కదా?" లేవన్నాను. ఈ మందు పరీక్షలో చేరేటప్పుడూ ఇదే అడిగారు, ముగ్గురం తల అడ్డంగా ఊపాం. మా ఇంట్లో కషాయం మందు కాదు. చాయ్ లాంటిది. చాయ్ తాగుతామని డాక్టర్‌కు ఎవరు చెప్తారు?

ఫోన్ పెట్టి వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి మీద గిన్నె కాగుతోంది. అప్పుడు తట్టింది నాకు. లివర్‌ను పాడుచేసింది ఈ కషాయమేమో.

జూన్ 18
చెబుదామన్నాను ఈయనతో. "చెప్పకు. అబద్ధమాడినమని తీసేస్తరు. ఇంకెక్కడికి పోవాలె నేను?" కీమో ఇచ్చిన ముంబై డాక్టర్లు ఇక వైద్యమేమీ లేదన్నారు. ఉన్నది ఈ సూది ఒక్కటే. కషాయం మాత్రం తాగనన్నాడు. అత్తమ్మ ఇచ్చింది ఇచ్చినట్టే మోరీలో పోశాడు.

సాయంత్రం పద్మ ఫోన్. "అక్కా, బావ రిపోర్ట్ మంచిగస్తేనే నాకు సూదట. ఎట్లున్నడు?" బాగున్నాడన్నాను. నా గొంతు మీద నాకే అసహ్యం.

జూన్ 19
చెప్పేశాను. నేను పనిచేసే స్కూల్లో మధ్యాహ్నం భోజనం సుట్టీలో, పిల్లలు అరుస్తుంటే, మెట్ల కింద నిలబడి డాక్టర్‌కు ఫోన్ చేసి. డాక్టర్ ఎన్నాళ్ల నుంచి, ఎంత అని అడిగి రాసుకున్నారు. తిట్టినా బాగుండేది. "పూర్తిగా మానేయండి. సూది మందు ఇంకొన్ని వారాలు ఒంట్లోనే ఉంటుంది, అయినా అంకెలు దిగితే తప్పు కషాయానిది అనుకోవచ్చు. దిగకపోతే మందుది." తీసేస్తారా అన్నాను. "అది నా ఒక్కడి నిర్ణయం కాదు."

ఇంట్లో యుద్ధం. ఈయన నాతో మాట్లాడటం లేదు. అత్తమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. "నా కొడుక్కు నేను ఇసం పోసిన్నా?" కాదత్తమ్మా అన్నాను. గట్టిగా అనలేకపోయాను.

జూన్ 27
దిగాయి! తప్పు మందుది కాదు. ఈయన్ని తీసేయలేదు, అంకెలు మామూలయ్యేదాకా సూది మాత్రం లేదు. పద్మకు అనుమతి వచ్చింది — పెంచిన మోతాదు. ఫోన్‌లో ఏడ్చింది. "నువ్వు చెప్పినవు గాబట్టే అక్కా..."

ఈయన ఒక మాట మాట్లాడాడు. పప్పులో ఉప్పు లేదని. అంతే చాలు.

జులై 2
గడ్డ మళ్లీ చేతికి తగులుతోంది.

జులై 5
పద్మ భర్త ఫోన్. సూది పడిన మర్నాడే జ్వరం. తర్వాత మాట తడబడిందట. వేళ్లు చూపించి ఎన్ని అంటే తప్పు చెప్పిందట. స్పృహ తప్పితే ఐసీయూలో పెట్టారు. "మీ ఆయనకు గిట్ల కాలేదు గదా అక్కా?"

కాలేదు. కాలేదనే ఆమెకు పెంచారు. నేను నోరు మూసుకుని ఉంటే పద్మ ఈపాటికి కర్ఖేలిలో వంట చేసుకుంటూ ఉండేది. నిజమే కదా చెప్పాను... ఇంకేం చేయాలి? ఎవరిని అడుగుతున్నాను నేను?

జులై 7
పద్మకు ఇంకా స్పృహ రాలేదు.

డాక్టర్ ఫోన్. ఈయన అంకెలు మామూలయ్యాయి. పాత మోతాదే, సోమవారం రావచ్చు. మరి పద్మ? "మీకు దాచడం లేదు. మందు వల్లే అయింది. ఇంకా ఆలస్యమైతే మీవారి గడ్డ ఆగదు, అదీ నిజమే. రమ్మని బలవంతం చేయను."

గడ్డ ఇప్పుడు నిమ్మకాయంత.

ఈయనకు అంతా చెప్పాను, ఒక్క మాట మింగకుండా. గోడకు ఆనుకుని విన్నాడు. తర్వాత ఫోన్‌లో హైదరాబాద్ రైలు టికెట్ల పేజీ తెరిచి నా ముందు పెట్టాడు.

"తియ్యాల్నా వద్దా, నువ్వే చెప్పు. నిజం చెప్పుడు నీకే వస్తది గదా."

కోపంతో అన్నాడో, నమ్మి అన్నాడో. ముఖం చూస్తే తెలిసేది. నేను తలెత్తలేదు.