ముందు ఎడమ టైరు

27-8-2006, ఆదివారం

చవితి పూజ అవగానే నానాజీ బావ వచ్చాడు. ఉండ్రాళ్ళు తిన్నాడు, కారు నా బల్ల మీద పడేశాడు, వెళ్ళిపోయాడు. మళ్ళీ ముందు ఎడమ టైరే. అంచంతా బ్లేడుతో చెక్కినట్టు పోయింది. మిగతా మూడూ కొత్తవాటిలా ఉన్నాయి.

చూసినవాళ్ళు బొమ్మకారు అనుకుంటారు. కాదు. రిమోట్‌తో తోలే రేస్ కారు. వైజాగ్‌లో ఒక నేవీ ఆయన ట్రాన్స్‌ఫరై వెళ్తూ అమ్మేసింది. కొన్నది బావ, తోలేది బావ. విప్పడం, కడగడం, బిగించడం, సోల్డరింగ్, తిట్టుకోవడం నావి. నాన్న టీవీ రిపేర్ షాపులో నా బల్ల సగం దీనిదే. కస్టమర్ల టీవీలు నేలమీద ఉంటాయి.

టర్న్ దగ్గర బావ బ్రేక్ వెయ్యడు. ఫుల్ స్పీడులో వచ్చి స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పేస్తాడు. బరువంతా ఆ ఒక్క టైరు మీద పడుతుంది. ముందు బ్రేక్, తర్వాత స్టీరింగ్ అని రెండేళ్ళుగా చెబుతున్నాను. ఇవాళా చెప్పాను. నువ్వు సెట్టింగ్ సరిగ్గా సెయ్యవే శాంతీ, కారు దానంతటదే తిరుగుతాది అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు.

మాఘంలో మా ఇద్దరికీ ముహూర్తం పెట్టిద్దామని మామయ్య కబురు పెట్టాడు. అంటే ఈ మహానుభావుడి టైర్లు జన్మంతా నేనే మార్చాలి. రాస్తుంటే నవ్వొస్తోంది. మారుస్తాను.

3-9-2006

సీజన్ కాదు కాబట్టి బెల్లం మార్కెట్ యార్డ్ ఖాళీ. అక్కడి సిమెంటు నేల మీదే మా ప్రాక్టీస్. నున్నటి నేల, టైరు జారుతుంది. వైజాగ్ కుర్రాళ్ళు గ్రిప్ కోసం డబ్బాల్లో వచ్చే కెమికల్ ఏదో కొంటారు. మాకెందుకు? విరిగిన బెల్లం ముక్కలు బకెట్లో కరిగించి, మొక్కలకి పోసే డబ్బాతో ట్రాక్ మీద చల్లుతాం. ఆరాక టైరు అతుక్కుని పోతుంది. వాచ్‌మన్ సత్తియ్య మాత్రం ఊరుకోడు. పానకం పోసి సీమల్ని మేపుతన్నారేటమ్మా అని ఇవాళా గొడవ.

చీమల మాట నిజమే. ఇంటికొచ్చాక కారు పెట్టె చుట్టూ బారు కడతాయి. గేర్లలోంచి బ్రష్‌తో దులపడం నా పని.

17-9-2006

బెంగళూరు నుంచి టైర్లు వచ్చాయి. కొత్త సెట్టు వేసి ఇచ్చాను. ఇక నేను యార్డ్‌కి రానక్కర్లేదట, తనే చూసుకుంటాడట. షాపులో పని కూడా ఉంది. సరే అన్నాను.

8-10-2006, ఆదివారం

ఇది నమ్మేలా లేదు.

బావ కారు తెచ్చాడు. అలవాటుగా ముందు ఎడమ టైరు మీద వేలు పెట్టాను. అంచు అంచులాగే ఉంది. కుడిది చూశాను, వెనకవి చూశాను. నాలుగూ సమంగా, నున్నగా, ఒకేలా అరిగాయి. షాపులో నాన్న ఉన్నాడని ఊరుకున్నాను గానీ లేచి గంతెయ్యాలనిపించింది.

బ్రేక్ వేస్తున్నాడు. రెండేళ్ళు చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే ఇప్పటికి తలకెక్కింది. ఏటి, అంతలా సూత్తన్నావు అన్నాడు. ఏమీ లేదన్నాను. పొగిడితే చెడతాడు.

9-10-2006

మళ్ళీ తీసి చూసుకున్నాను ఆ టైర్లు. సిగ్గు లేదు నాకు.

22-10-2006

దీపావళి అయింది. ఇవాళ కారు విప్పితే ఒక్క చీమ లేదు. టైర్లకి జిగురు లేదు. అడిగితే, పెట్రోలు గుడ్డతో తుడిసేసేను అన్నాడు. బావ! తిన్న కంచం తియ్యని మనిషి! పెళ్ళి దగ్గర పడితే మగవాళ్ళు మారతారని అమ్మ అంటుంది గానీ ఇంతలా అనుకోలేదు.

చెల్లి జ్యోతి ఎలమంచిలి నుంచి వస్తూ కారు పెట్టుకునే స్టాండు తెచ్చింది, ఏటికొప్పాక లక్క పనిది, ఎరుపూ పసుపూ. చాలా బాగుంది. అది అక్కడ ప్రైవేట్ స్కూల్లో టీచరు, రోజూ ట్రైన్‌లో వెళ్ళొస్తుంది. బావ సబ్బుల ఏజెన్సీ లైను కూడా అటే. స్కూలు దగ్గర కనబడ్డాడట, కలిసి వెళ్ళి కొన్నారట. నాకోసం ఇద్దరూ తిరిగారని ముచ్చటేసింది.

29-10-2006

అప్పలరాజు మామయ్య, అత్త వచ్చారు. మాఘంలో మంచి రోజులు చూస్తారట. నేను కాఫీలు ఇచ్చి వంటింట్లోకి పోయాను. మామయ్య నాన్నతో, ఈ మద్దిన మావోడు నెమ్మదించేడు బావా అంటున్నాడు. నాకు తెలుసు మామయ్యా. మీకందరికీ ఇప్పుడు తెలిసింది, నాకు టైర్లు ముందే చెప్పాయి.

నేను సంతోషంగా ఉన్నాను. ఒకసారి రాసి పెట్టుకుంటే తప్పులేదు.

11-11-2006

రేపు వైజాగ్‌లో రేస్. మోటారు విప్పి కమ్యుటేటర్ శుభ్రం చేసి కొత్త కార్బన్ బ్రష్‌లు వేశాను. గేర్ల మధ్య పేపరు ముక్క పెట్టి గ్యాప్ సరిచేశాను. షాక్ అబ్జార్బర్లలో ఆయిల్ మార్చాను. ముందు చక్రాల వంపు కాస్త తగ్గించాను, ఇప్పుడు బ్రేక్ వేసి తిప్పే చెయ్యి కదా, అంత వంపు అక్కర్లేదు. ఈ సెట్టింగ్ పాత బావకి పనికిరాదు. కొత్త బావకోసం చేశాను.

జ్యోతి కూడా వస్తానంది. రమ్మన్నాను.

12-11-2006, ఆదివారం

స్కేటింగ్ రింక్‌లో రేస్. మొదటి రన్ బావ తోలాడు. ఆరు కార్లలో అయిదోవాడు. కారు చేతిలోకి తీసుకున్నాను. ముందు ఎడమ టైరు వేడిగా ఉంది. అంచు పోయింది. బ్లేడుతో చెక్కినట్టు.

సెట్టింగ్ తప్పు చేశాననుకున్నాను. స్కేలు పెట్టి అన్నీ మళ్ళీ కొలిచాను. తప్పు లేదు. కంగారులో పాత అలవాటు వచ్చిందేమో అనుకున్నాను. నేల మీద కూర్చుని టైరు మారుస్తూ ఇంకా బావ తరఫునే వాదిస్తున్నాను, నాలో నేను.

అప్పుడు బావ, రెండో రన్ జ్యోతి తోల్తాది, సరదాకి అన్నాడు. దానికేం వచ్చు అన్నాను. ఇద్దరూ నవ్వారు.

జ్యోతి రిమోట్ అందుకుంది. ఏంటెన్నా లాగింది. కారు పక్కకి లాగకుండా సరిచేసే ట్రిమ్ బటన్‌ని చూడకుండానే బొటనవేలితో రెండు గీతలు జరిపింది. కొత్త చేతికి అది తెలియదు.

కారు బయల్దేరింది. టర్న్ ముందు ముక్కు చిన్నగా కిందికి వంగింది. బ్రేక్. తర్వాత స్టీరింగ్. ప్రతి టర్న్ అలాగే. ముందు బ్రేక్, తర్వాత స్టీరింగ్. నా మాటలే, నా వరసే. బావ నా మాట విన్నాడు. విని, పట్టుకెళ్ళి దానికి నేర్పాడు.

జ్యోతి సెకండ్ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. బావ కారు వంక చూడలేదు, జ్యోతి మొహమే చూస్తున్నాడు. రెండేళ్ళలో నా వంక ఒక్కసారైనా అలా చూశాడా అని గుర్తు తెచ్చుకోబోయాను. లేదు.

నేనే పరిగెత్తి కారు తెచ్చాను, మెకానిక్‌ని కదా. టైర్లు చూడక్కర్లేదు. చూశాను. నాలుగూ సమంగా ఉన్నాయి.

ఇంత బాగా తోలేవాళ్ళకి సెట్టింగ్ చేసినందుకు ఒక్క క్షణం గర్వపడ్డాను కూడా. నన్ను చెప్పుతో కొట్టాలి.

13-11-2006

రాయలేను.

15-11-2006

జ్యోతి తనే చెప్పింది. సెప్టెంబరు నుంచి. స్కూలయ్యాక అక్కడి బాస్కెట్‌బాల్ కోర్టులో. అక్కడ బెల్లం నీళ్ళు చల్లరు, అందుకే చీమలు రాలేదు. మొదట కారు నేర్చుకుందామనే వెళ్ళిందట. నిన్ను మోసం సెయ్యాలని కాదక్కా అని నా ఒళ్ళో పడి ఏడ్చింది. దాని జుట్టు నిమిరాను. నా చేతికి వేరే ఏం చెయ్యాలో తెలియలేదు.

సాయంత్రం బావ షాపుకొచ్చాడు. మామయ్యకి తెలిస్తే చంపేస్తాడట. పెద్దదాన్ని అనుకుని చిన్నదాన్ని చేసుకుంటానంటే రెండిళ్ళూ విడిపోతాయట. నువ్వే వద్దన్నావనుకో, ఎవ్వుల మీదికీ మాట రాదు, నువ్వు గట్టిదానివి శాంతీ అన్నాడు. గట్టిదాన్నట! కారు బల్ల మీదే ఉంది. వెళ్ళేటప్పుడు, స్టీరింగ్ కొంచెం బిగువుగా ఉన్నాది సూడు అని చెప్పి మరీ వెళ్ళాడు.

16-11-2006

ముందు చక్రం నట్టు రెండు చుట్లు వదులు చేశాను. ఫుల్ స్పీడులో ఊడిపోవాలని. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మళ్ళీ బిగించాను. కారు ఏం చేసింది పాపం. స్టీరింగ్ కూడా సరిచేశాను.

19-11-2006, ఆదివారం

చెప్పేశాను. నానాజీ బావని చేసుకోనని.

నిజం చెప్పొచ్చు. చెబితే మామయ్య వాడి మెడలు వంచి నాకు తాళి కట్టిస్తాడు. జ్యోతిని అమ్మ ఇంట్లోంచి గెంటుతుంది. నన్ను వద్దన్నవాడితో నేనెలా కాపురం చెయ్యను? ఆ మొహం జ్యోతిని చూసినప్పుడు ఎలా ఉంటుందో నేను చూశాను. చూడకపోయినా బాగుండేది.

నాన్న ఎందుకని అడిగాడు. ఇష్టం లేదన్నాను. అంత పెద్ద అబద్ధం ఇంత చిన్న మాటలో పట్టింది. అమ్మ చెంప మీద కొట్టింది. మా అన్నయ్య మొహం ఎలాగ సూడనే అని తనే ఏడ్చింది. జ్యోతి గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

3-12-2006

ఊళ్ళో అందరూ బావని ఓదారుస్తున్నారు. సత్తియ్య కూడా షాపు ముందు ఆగి, ఆ బాబుకేటి తక్కువమ్మా, బంగారం లాంటోడు, అన్నం మానేసేడంట అన్నాడు. నేను ఆ పూట రెండుసార్లు తిన్నాను. ఏడుపు రాకుండా ఉండాలంటే నోట్లో ఏదో ఒకటి ఉండాలి.

17-12-2006

అత్తే ఆ మాట అంది. పెద్దది కాదంటే చిన్నదాన్ని ఇవ్వండి, మావోడి పరువు నిలుస్తాది, మన రాకపోకలూ పోవు. పెద్దదాని సంగతి తర్వాత చూద్దామన్నారు. అమ్మ జ్యోతిని అడిగింది. అది తల వంచుకుని, మీ ఇష్టం అంది. అమ్మ దాన్ని కావలించుకుని, అక్క పోగొట్టిన పరువు నువ్వు నిలబెట్టేవే తల్లీ, నీ మనసు ఎంత దొడ్డదే అంటూ ఏడ్చింది. నూకాలమ్మకి చీర మొక్కుకుంది.

జ్యోతి నా వంక చూడలేకపోయింది. నేను దాని వంకే చూశాను, చివరిదాకా. ఏం, ఆ మాత్రం కూడా చెయ్యకూడదా?

7-1-2007

కారు వచ్చింది. టైర్లు నాలుగూ సమంగా అరిగాయి. మార్చి పంపేశాను.

4-2-2007

బావని పెళ్ళికొడుకుని చేశారు. మామయ్య కాళ్ళ మీద పడి క్షమించమని అడగమంది అమ్మ, అందరి ముందూ. పడ్డాను. లెగమ్మా, తెలీక సేసేవు అని మామయ్య నా మీద అక్షింతలు వేశాడు. బావ చేతిలో కూడా అక్షింతలు పోసి, నువ్వూ వెయ్యరా, మనసులో ఏటీ ఉంచుకోకు అన్నాడు.

వేశాడు. బావ చేతి అక్షింతలు నా తలమీద పడ్డాయి. తలంబ్రాలై పడాల్సినవి, ఇలా పడ్డాయి.